తనిఖీకి పోయిన పుస్తకాలు

"తాతా, మీ కాలేజీ లైబ్రరీకి ఏ పుస్తకాలు కొనాల్నో ఆ రోజులల్ల ఎవరు చెప్పేటోళ్లు? మా క్లాసుల రాసుకరమ్మన్నరు. జర చెప్పవా?"

చెప్త. చెప్పక ఏడికి పోత! ముందుగాల నేను అడిగినదానికి నువ్వు జవాబు చెప్పు. ఇప్పుడు సంచిల నుంచి తీసి మంచం మీద పడేసినవ్, ఆ పుస్తకం ఎవరిది? మీ యూనివర్సిటీ లైబ్రరీది. అట్ట లోపట చీటీ అంటిచ్చి ఉన్నది, దాని మీద తారీఖు కొట్టి ఉన్నది. నాకు ఒక కన్నుకు మసకొచ్చింది గని రెండోది మంచిగనే కనవడ్తది. దసరాకు ముందు వాపసు ఇయ్యాలె అది. ఇప్పుడు హోళి దాటింది. లైబ్రరీ సదువు సదివే పిల్లవు నువ్వు. సిగ్గనిపిస్తలేదా?

"ఎవరూ అడగలే తాతా ఆ పుస్తకం."

ఎవరూ అడగలేదంట! అడిగేటోడు వచ్చి ఉంటడు, అల్మార ముంగట నిలవడి ఉంటడు, జాగ ఖాళీ సూసి ఎల్లిపోయి ఉంటడు. వాడు నిన్నెట్ల అడుగుతడు? నీ పేరు వానికి ఎరుకనా, నీ ఇల్లు వానికి ఎరుకనా? నవ్వకు. నాకు ఈ మాట ఇంటే ఒళ్లు మండుతది. ఎందుకు మండుతదో చెప్త, ఆ ఫోను ఈ దిక్కు పెట్టు, రికార్డు కానియ్. నీ ప్రశ్నకు జవాబు గూడ దాంట్లనే వస్తది.

నేను సదివింది ఏడో తరగతి. మనం, ఆంధ్రోళ్లు కలిసి ఒక రాష్ట్రమైన ఏడు, యాభై ఆరు గద, ఆ ఏడే నా సదువు బందైంది. మా నాయిన సూర్యాపేటల ఒక శావుకారి ధాన్యం దుకాణంల హమాలి. నడుం పట్టేసి మంచంల పడ్డడు. ఆయన జాగల నేను పోయిన. బస్తా మోసే బలం లేదు నాకు, అందుకని బస్తా మూతులు కుట్టే పని ఇచ్చిండ్రు. దబ్బనం, సుతిలి పట్టుకోని పొద్దుగాల కూసుంటే పొద్దుగూకిందాక కుట్టుడే. ఒక్క కుట్టు వంకర పోతే శావుకారి ఇప్పిచ్చి మళ్ల కుట్టిచ్చేది. కోపమొచ్చేది గని, చెయ్యి సక్కగయ్యింది ఆడనే. మీ నాయనమ్మ వాళ్ల అన్న గూడ ఆ దుకాణంలనే పని జేసిండు, ఆయననే మాకు సంబంధం కుదిర్చింది. అది వేరే ముచ్చట, ఇడిసిపెట్టు.

ఆ శావుకారి పేరు రంగయ్య. పేటల నలుగురు పెద్దమనుషులు కలిసి ఒక కాలేజీ పెట్టిండ్రు, దాని కమిటీకి ఈయన సెక్రటరీ. కాలేజీ పేరు చెప్ప. ఇప్పుడది లేదు, ఆ కమిటీ లేదు, ఆ బిల్డింగుల ఫంక్షన్ హాలు నడుస్తున్నది. "మల్లిగా, నువ్వు దొంగతనం చెయ్యవు, బీడీ తాగవు, పుస్తకాల కాడ కూసో" అని నన్ను లైబ్రరీ అటెండర్‌గ పెట్టిండు. నెలకు డెబ్భై రూపాయలు. నవ్వుతవేంది, అప్పుడు చాయ పది పైసలు. మిర్యాలగూడకు బస్సు టికెటు రూపాయిన్నర... కాదు, రూపాయి నలభై పైసలు. గట్లనే ఉండె.

ఇగ నీ ప్రశ్న. ఏ పుస్తకాలు కొనాల్నో ఎవరు చెప్పేటోళ్లు? శావుకారి చెప్పేటోడు. సదువు చెప్పే సార్లు కాదు, సదివే పిల్లలు అసలే కాదు. కెమిస్ట్రీ సారు పోయి, "ఫలానా పుస్తకం పది కావాలె, పిల్లలు ఇరవైరెండు మంది ఉన్నరు" అని అడిగిండు. నేను ఆడనే ఉన్న. శావుకారి ఏమన్నడో ఎరుకనా?

"సారూ, ఒక్కటే రకం పది బస్తాలు తెచ్చి పెడితే దుకాణానికి గిరాకి వస్తడా? పది రకాలు కనవడాలె. ఆ పుస్తకం ఒకటి తెద్దాం, మిగతా తొమ్మిది వేరే రకాలు తెద్దాం."

గంతే. యూనివర్సిటీ వాళ్లు గూడ ఎన్ని పుస్తకాలున్నయి అని అడుగుతరు గని, ఎంతమంది సదివిండ్రు అని అడగరాయె. అందుకని మా అల్మారలల్ల లేని రకం లేదు. సముద్రంల ఓడ ఎట్ల కట్టాల్నో చెప్పే పుస్తకం గూడ ఉండె. మా పిల్లలు మూసీ తప్ప ఇంకో నీళ్లు సూసిండ్రా? దాన్ని పదేండ్లల్ల ఒక్కడు తియ్యలే. నెలకోసారి నేనే తీసి దుమ్ము తుడిచి పెడుతుంటి.

కెమిస్ట్రీ పుస్తకం ఒక్కటే వచ్చింది. నీలం అట్ట, ఇటుకంత లావు. దానికి కొట్లాట. ఒకడు పట్టుకుంటే ఇరవైఒక్క మంది వాని మొకం సూసుడు. ఆర్నెల్లకే దాని ఈపు పలిగింది, కాయితాలు ఊడుతున్నయి. నాకు ఇంగ్లీషు అక్షరాలు గుర్తువట్టేటంతనే వచ్చు, లోపట ఏమున్నదో తెలువదు. కాని ఒకటి తెలుసు. ఒక్క పుస్తకం ఒక్కడే సదువుతడు, ఐదు పుస్తకాలు ఐదుగురు సదువుతరు. ఒక ఐతారం నాడు కూసోని దాన్ని ఐదు ముక్కలు చేసిన. పాఠం నడుమ తెగకుండ కెమిస్ట్రీ సారుతోటి పెన్సిల్ గీతలు పెట్టిచ్చుకున్న. ఒక్కొక్క ముక్కను సన్నటి దారంతోటి, ఆ దుకాణం కుట్టే, దగ్గర దగ్గరగ కుట్టి, పాత క్యాలెండర్ అట్టలు ఏసిన. సోమవారం నుంచి ఐదుగురు ఒక్కసారే సదువుడు. గంటకు ముక్క మారాలె. కొట్లాట ఖతం.

మా లైబ్రేరియన్ నరహరి సారు సూసిండు. ఆయనది కోదాడ, మాట ఆంధ్ర దిక్కు పోతది. "ఏమయ్యా మల్లయ్యా! పుస్తకాన్ని అరటిగెల కోసినట్టు కోసేశావేంటయ్యా? నీకేమైనా బుద్ధుందా?" అని గట్టిగ తిట్టిండు. తిట్టి తిట్టి, ఇగ రిజిస్టర్ తీసి ఆ ఐదు ముక్కలకు ఐదు నెంబర్లు ఏసిండు. ఒకటున్న కాడ ఐదు లెక్కకు వచ్చినయి. అప్పుడే నాకు సమజ్ కావాల్సుండె ఆయన మనసు ఏడ ఉన్నదో. కాలే.

ఆయన దొంగ కాదు, నేను దొంగ అంటలేను. తెలివిగలోడు, మాట మీద నిలవడేటోడు, ఒక్క పుస్తకం పోనియ్యలే ఏనాడూ. గని ఆయనకు పుస్తకమంటే రిజిస్టర్ల ఒక గీత. గీత ఉంటే పుస్తకం ఉన్నట్టే.

ఆ రోజులల్ల కాలేజీల నడుమ ఒక అలవాటు ఉండె. కొత్త కాలేజీకి, కొత్త కోర్సుకు పర్మిషన్ ఇయ్యాలంటే యూనివర్సిటీ నుంచి సార్లు వచ్చి తనిఖీ జేస్తరు. లైబ్రరీల ఇన్ని పుస్తకాలు ఉండాలె అని లెక్క ఉంటది. లేకపోతే ఏం జేసేటోళ్లు? పక్క ఊరి కాలేజీ నుంచి తెచ్చి అల్మారలల్ల నింపి సూపెట్టేటోళ్లు. తనిఖీ అయినంక వాపసు. మా కాలేజీ పెట్టిన మొదటి ఏడు మేము గూడ కోదాడ నుంచి తెచ్చినం. నేనే దించిన, నేనే ఎక్కిచ్చిన. అబద్ధం అని ఎరుకనే. మూడు దినాలల్ల తిరిగిపోయినయి గద, ఎవని సొమ్ము ఎవడు తిన్నడు అనుకున్న. అప్పుడు నోరు మెదపలే నేను. అది నా తప్పు, రాసుకో.

తెలంగాణ గొడవల ఏడు కాలేజీలన్ని బందున్నయి గద, దాని తర్వాతి ఏడు... ఆగు, కాదు, దాని అవతలి ఏడు. మిర్యాలగూడల ఒక కాలేజీ బీఎస్సీ అడిగింది. తనిఖీ వస్తదని తెలిసింది. ఆ కాలేజీ సెక్రటరీ రైస్ మిల్లు ఆసామి, మా నరహరి సారుకు కబురు పెట్టిండు. సైన్సు పుస్తకాలు నాలుగు దినాలు పంపియ్యిండ్రి, మీ బామ్మర్దికి మా కాడ లెక్చరర్ నౌకరి ఇస్తం అని. ఈ నౌకరి మాట నాకు తర్వాత తెలిసింది.

"మల్లయ్యా, సైన్సు అల్మారాలన్నీ ఖాళీ చెయ్యి. గురువారం లారీ వస్తుంది."

"సార్, పరీక్షలు ఇరవై దినాలల్ల ఉన్నయి."

"గురువారం వెళ్లి ఆదివారానికి వచ్చేస్తాయయ్యా. మనం తెచ్చుకోలేదా కోదాడ నుంచి? ఆ ఊళ్లో బీఎస్సీ వస్తే ఎంతమంది పిల్లలు బాగుపడతారు, నీకేం తెలుసు?"

ఆ మాట అబద్ధం కాదు, అదే నాకు మంట. నిజమైన మాటను అడ్డం పెట్టుకోని తప్పు పని చేసుడు.

ఇగ లచ్చిరాం సంగతి చెప్పాలె. దామరచర్ల అవతల ఒక తండా, ఆ తండా పిల్లగాడు. ఇంట్ల లంబాడి మాట్లాడుతరు, బయట తెలుగు, కాలేజీల ఇంగ్లీషు పుస్తకం. మూడు భాషలు దాటి సదవాలె పాపం. మిర్యాలగూడల బీఎస్సీ లేదని పేటకొచ్చి హాస్టల్ల ఉన్నడు. రెండో సంవత్సరం. ఒక్క సబ్జెక్టు తప్పినా స్కాలర్‌షిప్ బందైతది, స్కాలర్‌షిప్ బందైతే హాస్టల్ సీటు పోతది, ఇగ తండాకు పోవుడే. సొంతంగ పుస్తకం కొనే తాహతు లేదు. పొద్దుగాల నేను తాళం తీసేవరకే మెట్ల మీద కూసోని ఉంటుండె. కెమిస్ట్రీల వానికి కష్టమయ్యేది మూడో ముక్క. రెండు ముక్కలు అయిపోగొట్టిండు, మూడోదాంట్ల సగంల ఉన్నడు.

నేను గోనె సంచులల్ల పుస్తకాలు నింపుతుంటె వచ్చిండు. "మల్లన్నా, మూడోది ఒక్కటి ఉంచు. మిగతాయి తీస్కపో. నాలుగు దినాలు అది నా కాడ ఉండనియ్."

నేను నరహరి సారు మొకం సూసిన. సారు తల అడ్డం తిప్పిండు. "ఒకటి తీస్తే లెక్క తగ్గుతుంది బాబూ. ఆదివారం వచ్చేస్తాయన్నాగా. ఈలోపు వేరే సబ్జెక్టు చదువుకో."

"సార్, ఆదివారం రాకపోతే?"

"వస్తాయంటే వస్తాయి. నేను మాటిస్తున్నాను."

నేను ఆ మూడో ముక్కను సంచిల ఏసి మూతి కుట్టిన. నా చేతులతోటే. ఏండ్లు గడిచినయి, ఇప్పటికీ తలుసుకుంటే నా మీద నాకే అసహ్యం పుడుతది. నేను ఆ ఒక్కటి నా సంచిల పెట్టుకుంటే ఎవడు సూసేటోడు? కాని దొంగతనం చెయ్యొద్దని పట్టుదల నాకు. పెద్దోని మాట జవదాటద్దని ఇంకో పట్టుదల. ఆ రెండు పట్టుకోని ఒక పిల్లగాని బతుకు ఇడిసిపెట్టిన.

ఐతారం వచ్చింది, పుస్తకాలు రాలే. తనిఖీ ఒక వారం ఆలస్యమైందంట. ఆ వారం లచ్చిరాం రోజూ వచ్చి, తన జాగల కూసోని, ముంగట బల్ల మీద ఏం లేకుండ కూసుంటుండె. నేను సూడలేక అల్మారల ఎనకకు పోతుంటి. తనిఖీ అయ్యింది, పర్మిషన్ గూడ వచ్చిందని తెలిసింది. మళ్లనాడే సారు నన్ను ఖాళీ సంచులు పట్టుకోని పొమ్మన్నడు. పరీక్షలు పది దినాలున్నయి.

పోయిన. వాళ్ల లైబ్రరీల ఒక గుమాస్తా కూసోని ఉన్నడు. "ఏం పుస్తకాలు?" అన్నడు.

"మావి. పేట నుంచి వచ్చినయి."

"ఇవన్ని మావేనాయె! సూడు, మా ముద్రలున్నయి, మా రిజిస్టర్ల ఎక్కినయి. తనిఖీ సార్లు కూసోని ఒక్కొక్కటి సూసి సంతకాలు పెట్టి పోయిండ్రు. రేపు మళ్లొచ్చి ఏడున్నయంటే నీ మొకం సూపియ్యాల్నా?"

నేను అల్మార తలుపు తీసిన. మా ముద్ర మీద తెల్ల కాయితం అంటిచ్చి దాని మీద వాళ్ల ముద్ర కొట్టిండ్రు. అన్నిటికి! నాకు దుఃఖమొచ్చిందో కోపమొచ్చిందో తెలువదు. కెమిస్ట్రీ ముక్కలు ఐదు తీసి బల్ల మీద పెట్టిన. "ఈ కుట్టు నాది. ఈ క్యాలెండర్ అట్టలు మా ఇంటియి. ఇది గూడ మీదేనా?"

వాడు అటిటు తిప్పి సూసిండు. "మంచిగ కుట్టినవే! మా కాడ గూడ ఇంకో నాలుగు ఊడినయి, కుట్టి పోరాదు" అన్నడు. పక్కనున్నోళ్లు నవ్విండ్రు.

ఖాళీ సంచులు మడత పెట్టుకోని బస్సెక్కిన. బస్సుల పేట మనిషి ఒకాయన, "ఏం మల్లన్నా, మిల్లులున్న మిర్యాలగూడ పోయి బియ్యం దొరక్క వస్తున్నవా?" అని ఎక్కిరిచ్చిండు. నేను కిటికీల నుంచి బయటికి సూస్కుంట కూసున్న.

నరహరి సారు తెల్లారి తనే పోయిండు. మిల్లు ఆసామి ఆయనకు మర్యాద చేసిండు, ఇంట్ల భోజనం పెట్టిండు, పుస్తకం మాత్రం ఇయ్యలే. "వచ్చే ఏడు సూద్దాం సారూ. తొందరెందుకు? కావాలంటే యూనివర్సిటీకి రాయండ్రి" అన్నడంట. ఏమని రాస్తడు? అబద్ధం సూపెట్టెటందుకు పుస్తకాలిచ్చిన, అవి వాపసు ఇస్తలేరని రాస్తడా?

ఇంకో తమాషా ఇను. సారు మా శావుకారి కాడికి పోయి కొత్తయి కొందామన్నడు. శావుకారి రిజిస్టర్ తెప్పిచ్చుకున్నడు. "ఇగో, అన్ని ఉన్నయి గద సారూ ఈడ. ఉన్నదాన్ని మళ్ల ఎందుకు కొంటం? లేవంటరా, లేవని రాసియ్యిండ్రి, కొంట." రాసిస్తే ఏడ పోయినయి అంటరు. రిజిస్టర్ల గీతలు అన్ని సక్కగ ఉన్నయి, అల్మారలల్ల ఒక్క పుస్తకం లేదు. అగో, మీ లైబ్రరీ సదువుల ఇది చెప్తరా నీకు? చెప్పరు.

పిల్లలు పోయి ప్రిన్సిపాల్ సారుకు చెప్పుకున్నరు. ముసలాయన, మెత్తటి మనిషి, ఒకరిని గట్టిగ అనంగ ఇనలే నేను. మమ్ముల ఇద్దరిని పిలిచిండు.

"సైన్సు పుస్తకాలేవి నరహరిగారూ?"

"బైండింగుకి పంపించానండి. హైదరాబాదు."

ప్రిన్సిపాల్ సారు నా దిక్కు తిరిగిండు. "అట్లనా మల్లయ్యా?"

నరహరి సారు నన్ను సూస్తున్నడు. ముందే చెప్పి తెచ్చిండు నన్ను, బైండింగని అనాలె అని. ఇంట్ల ముగ్గురు పిల్లలు, మా నాయిన మంచంల. నౌకరి పోతే మళ్ల ధాన్యం దుకాణమే. అయినా చెప్పిన. "బైండింగు కాదు సార్. మిర్యాలగూడ పోయినయి. సంచులు కుట్టింది నేనే. నా తప్పు గూడ ఉన్నది."

ఇగ ప్రిన్సిపాల్ సారు అన్నడు: "నేను యూనివర్సిటీకి రాస్తే రెండు కాలేజీలు మూతపడ్తయి. పిల్లలు రోడ్డున పడ్తరు. అందుకని రాయను. అది మీ అదృష్టం అనుకోకండ్రి నరహరిగారూ. రేపు పొద్దున మొదటి బస్సుకు పోండ్రి. ఆ రీడింగ్ రూముల కూసోని, ఈ పిల్లలకు పరీక్షకు కావాల్సినంత మీ చేత్తో రాసుకొని రండ్రి. వేరేవాళ్లతోటి రాయిస్తే నేను ఒప్పుకోను."

అప్పుడు జిరాక్సులు లేవు బిడ్డా. చేత్తో రాయాలె. మొదటి దినం నేను గూడ పోయిన. అదే గుమాస్తా. "బయటి మనుషులకు పుస్తకం ఇంటికియ్యం సార్. ఈడనే కూసోని సదువుకోండ్రి" అన్నడు. మా పుస్తకం, మా లైబ్రేరియన్! సారు పోయి బెంచీ మీద కూసున్నడు. నడుమ కార్బన్ పెట్టి మూడు కాయితాలు, మీద బాల్ పెన్నుతోటి అదిమి అదిమి రాసుడు. గట్టిగ అదమకపోతే కింది కాయితం మీద పడదు. పొద్దుందాక రాసి సాయంత్రం బస్సుకు వచ్చేది. మూడో ముక్క పూర్తయ్యేటాలకు పరీక్ష రెండు దినాలున్నది. లచ్చిరాం చేతిల పెట్టినం. ఆ రెండు దినాలు ఆ పిల్లగాడు పన్నడో లేదో నాకు తెలువదు.

ఫలితాలొచ్చినయి. అన్ని పాసు, కెమిస్ట్రీ తప్పిండు.

ఎందుకో ఎరుకనా? నరహరి సారు సైన్సు సదివినోడు కాదు. తొందర తొందరగ రాసుడుల ఆ సూత్రాల కింద ఉండే సన్న అంకెలు కొన్ని ఇడిసిపెట్టిండు, కొన్ని ఒక దగ్గరియి ఇంకో దగ్గర రాసిండు. లచ్చిరాం కాయితం మీద ఎట్లుంటే అట్ల నేర్చుకోని అట్లనే రాసిండు. కెమిస్ట్రీ సారు ఆ కాయితాలు తెప్పిచ్చుకోని సూసి, తల పట్టుకున్నడు.

స్కాలర్‌షిప్ బందైంది. హాస్టల్ సీటు పోయింది. అప్పుడు సాగర్ ఎడమ కాల్వ పనులు నడుస్తున్నయి ఆ దిక్కు. లచ్చిరాం మట్టి పనికి పోయిండు.

నరహరి సారు ఎండకాలం సెలవులల్ల మళ్ల పోయి మూడో ముక్క మొత్తం మొదటి నుంచి రాసిండు. ఈసారి కెమిస్ట్రీ సారుతోటి సరి సూపిచ్చిండు. నన్ను తోలుకోని కాల్వ కాడికి పోయిండు. ఎండల లచ్చిరాం నెత్తి మీద తట్ట పెట్టుకోని గట్టు ఎక్కుతున్నడు. మమ్ముల సూసి తట్ట దించిండు. సారు కాయితాలు చాపిండు.

"సెప్టెంబర్‌లో మళ్లీ పరీక్ష ఉంది బాబూ. ఇది సరిగ్గా ఉంది. నేను రెండుసార్లు చూపించాను."

లచ్చిరాం చేతులు తుడుసుకోలే. "సార్, అదీ మీరు రాసిందేనాయె. తప్పున్నదో లేదో నాకెట్ల తెలుస్తది? పుస్తకం ఉంటే తెలుస్తుండె."

సారు మొకం సూడాలె నువ్వు. ఇంతకు ముందు ఎవడూ ఆయనను అట్ల అనలే. ఇన్ని తిట్లు తిట్టినా అంత తగలకపోతుండె. లచ్చిరాం కాయితాలు మాత్రం తీస్కున్నడు. సెప్టెంబర్ల రాసిండు, పాసయ్యిండు. పాసైతే ఏమాయె? హాస్టల్ సీటు ఇంకొకనికి ఇచ్చేసిండ్రు, స్కాలర్‌షిప్ మళ్ల ఇయ్యలే. మూడో సంవత్సరం ఎవని ఇంట్ల ఉండి సదవాలె? కాల్వ మీదనే మేస్త్రీ అయ్యిండు. తెలివికి ఏ కాలేజీలనో సారు కావాల్సినోడు. మిర్యాలగూడల బీఎస్సీ వచ్చింది, ఆ తర్వాత పిల్లలు శానమంది సదువుకున్నరు, అది గూడ నిజమే. లచ్చిరాంకు మాత్రం అది అక్కరకు రాలే.

ఇగ ప్రిన్సిపాల్ సారు నరహరి సారును ఇంకేం అడగలే. అడగకున్నా ఆయన పోవుడు ఆపలే. శనివారం శనివారం మొదటి బస్సు. మా పిల్లలకు పుస్తకాలు లేవాయె. ఒక ముక్క అయినంక ఇంకో ముక్క, కెమిస్ట్రీ అయినంక ఫిజిక్సు. రాసుడు, కెమిస్ట్రీ సారు ఇంటికి పోయి దిద్దిచ్చుకునుడు, మళ్ల రాసుడు. నేను ఆ కాయితాలు కుట్టి అట్టలేసి అల్మారల పెడుతుంటి. ఒకపారి అడిగిన, "ఎన్నాళ్లు సార్ ఇది?" అని. "నువ్వు కుట్టవయ్యా" అన్నడు, గంతే. బామ్మర్దికి నౌకరి వచ్చిందా అంటవా? వచ్చింది. ఏడాది చేసి, సరిపడలేదని ఇడిసిపెట్టి పోయిండు.

రెండేండ్లు నడిచింది గట్ల. కమిటీకి కొత్త సెక్రటరీ వచ్చినంక, పుస్తకాలు చెదలు తిన్నయని రాసి రిజిస్టర్ల గీతలు కొట్టేసి కొత్తయి కొన్నరు. అబద్ధానికి ఇంకో అబద్ధం తోడు. నాకు సంతకం పెట్టుమంటే పెట్టలే. అటెండర్ సంతకం లేకున్నా పని నడుస్తది, నడిచింది.

ఆ రెండేండ్లు కార్బన్ మీద అదిమి రాసి రాసి నరహరి సారు కుడి చెయ్యి పోయింది. ముందు బొటనవేలు తిమ్మిరెక్కింది, ఇగ మూడు వేళ్లు ముడుసుకపోయినయి. పెన్ను పట్టుకుంటే జారుడే. పేట దవాఖానల సూపిచ్చుకున్నడు, నూనెలు రుద్దిచ్చుకున్నడు, కోదాడల ఎవరో కట్టు కడ్తరంటే ఆడికీ పోయిండు. లాభం లేదు. డేట్లు, పేర్లు నేనే రాస్తుంటి ఆయన చెప్తుంటె, నా ఏడో తరగతి చేతిరాతతోటి. జాలి పడ్డవా అంటే, పడ్డ. కాని చేసింది తప్పు కాదని ఏనాడూ అనలే నేను, ఆయన గూడ అనలే.

జీతం పుస్తకంల ఇన్నాళ్లు ఎట్లనో ఒక గీత గీకి నెట్టుకొచ్చిండు గని, రిటైరైన దినం ఆఫీసుల కాయితాల మీద పూర సంతకం పెట్టాలె. ఎమ్.ఏ. సదివిన మనిషి, ఇరవై ఏండ్లు లైబ్రేరియన్ చేసిన మనిషి. పెన్ను ఇస్తే రెండుసార్లు జారి కింద పడ్డది. ఆఫీసు గుమాస్తా పరేషాన్ అయ్యి, ఏం జేయాల్నో తెలువక, చివరికి సిరా డబ్బి జరిపిండు. సారు ఎడమచేతితోటి కుడి చెయ్యి పట్టుకోని, బొటనవేలు అందుల ముంచి, కాయితం మీద నిశాని పెట్టిండు.